కోట, ముట్టడి, ఊరు
ఆటిజం గల పిల్లల కుటుంబాలను గూర్చిన రెండు గ్రంథాలపై విమర్శ

1967వ సంవత్సరంలో అమెరికాలో ఆటిజమును గూర్చి రెండు గ్రంథాలు వెలువడినవి. మొదటిది షికాగోలో పిల్లల మానసిక చికిత్సాలయాన్ని నడిపిన బ్రూనో బెటిల్‌హైమ్ వ్రాసిన ‘ది ఎంప్టీ ఫోర్ట్రెస్’, అనగా ‘శూన్యమైన కోట’. రెండవది క్లారా క్లెయిబోర్న్ పార్క్ అనే తల్లి వ్రాసిన ‘ది సీజ్’, అనగా ‘ముట్టడి’. సంవత్సరమొకటే, విషయమొకటే, చివరకు ఉపమానం కూడ ఒకటే. నిర్ణయాలు మాత్రం పరస్పర విరుద్ధాలు. మొదటి గ్రంథం తల్లిదండ్రులను ముద్దాయిలుగా నిలబెట్టినది. రెండవ గ్రంథంలో ఆ ముద్దాయే లేచి సాక్ష్యం చెప్పినది.

ఈ వ్యాజ్యంలో శాస్త్రం తీర్పు ఎప్పుడో వెలువడినది. అయినను ఈ గ్రంథాలను మరల చదువవలసిన పని తీరలేదు. మొదటి గ్రంథంలోని నింద వేషం మార్చుకొని నేటికీ మన ఊళ్లలో తిరుగుతున్నది. రెండవ గ్రంథంలోని తల్లికి దొరికిన ఆసరా నేటికీ మన తల్లులలో చాలమందికి దొరకడం లేదు.

ఆటిజం అనగా నేమి?

ఆటిజం అంటువ్యాధి కాదు, పిచ్చి కాదు. మెదడు పెరుగుదలలో పుట్టుకతోనే ఏర్పడే ఒక తేడా. ఈ తేడా గల పిల్లలకు ఇతరులతో మాట కలపడం, ముఖకవళికలు గ్రహించడం, తమ మనసులోని కోరికను సైగతో చెప్పడం కష్టమవుతుంది. ఒకే పనిని పదే పదే చేయడం, అలవాటైన క్రమం మారితే తల్లడిల్లడం, కొన్ని శబ్దాలను, స్పర్శలను ఓర్చలేకపోవడం కనిపిస్తాయి. కొందరికి మాటలే రావు. కొందరు చక్కగా మాట్లాడి పెద్ద చదువులు కూడ చదువుతారు. 2021లో ప్రపంచంలో 127 మందికి ఒకరు చొప్పున ఆటిజంతో ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

దీనిని ప్రత్యేక లక్షణంగా గుర్తించి 1943లో మొదట వివరించినవాడు బాల్టిమోరులోని శిశు మానసిక వైద్యుడు లియో కానర్. ఆయన 11 మంది పిల్లలను పరిశీలించి, ఈ లక్షణం పుట్టుకతో వచ్చినదని తన వ్యాసాన్ని ముగించాడు. అయితే అదే వ్యాసంలో ఈ పిల్లల తల్లిదండ్రులలో ఆప్యాయత గలవారు తక్కువ అన్న అర్థం వచ్చే మాటలు కూడ వ్రాశాడు. 1949లో ఆ మాటలను మరింత గట్టిగా చెప్పాడు. చల్లని హృదయం గల తల్లి వలన బిడ్డ ముడుచుకొని పోయినదన్న ప్రచారానికి ఆ మాటలు దారి తీసినవి. ఆ ప్రచారానికి పుస్తక రూపమిచ్చినవాడు బెటిల్‌హైమ్.

శూన్యమైన కోట

బెటిల్‌హైమ్ 1903లో వియన్నాలో జన్మించాడు. 1938-39లో డాకౌ, బూకెన్‌వాల్డ్ నాజీ నిర్బంధ శిబిరాలలో బాధలు పడి, విడుదలై, అమెరికా చేరాడు. 1944 నుండి 1973 వరకు షికాగో విశ్వవిద్యాలయానికి అనుబంధమైన ఆర్థోజెనిక్ పాఠశాలను నడిపాడు. శిబిరాలలో కొందరు ఖైదీలు ఆశ వదలుకొని, ఎవరితోను మాట్లాడక, ముడుచుకొని పోవడం ఆయన కళ్లారా చూశాడు. ఆటిజం గల పిల్లలలోను అదే స్థితి ఉన్నదని తలచాడు. ఖైదీకి కావలివాడు ఎట్టివాడో శిశువుకు తల్లిదండ్రులు అట్టివారై ఉండాలన్నాడు. ఈ బిడ్డ లేకుంటే బాగుండునని వారి మనసులో ఉన్న కోరికయే బిడ్డను కోటలోకి తరిమినదని సిద్ధాంతీకరించాడు. కావున బిడ్డను ఇంటినుండి వేరు చేసి తన పాఠశాలలో ఉంచడమే చికిత్స అయినది.

ఈ గ్రంథం చదివించే గుణం గలది. లారీ, మార్షియా, జోయీ అనే ముగ్గురు పిల్లల కథలు కన్నీరు తెప్పిస్తాయి. కాని శాస్త్ర గ్రంథంగా చూచినచో నాలుగు లోపాలు కనబడతాయి.

మొదటిది, ఉపమానాన్ని రుజువుగా వాడడం. రెండు వస్తువులు పైకి ఒకటిగా కనిపించినంత మాత్రాన వాటి కారణాలు ఒకటి కావు. చలికి వణికేవాడు, జ్వరానికి వణికేవాడు ఒకే తీరుగా వణుకుతారు.

రెండవది, పోల్చి చూచే వర్గం లేకపోవడం. తన వద్ద చేరిన పిల్లలలో అధిక భాగం మెరుగుపడ్డారని ఆయన చెప్పుకొన్నాడు. మెరుగును కొలచినవారు ఆ పాఠశాలవారే. ఇంట ఉండి పెరిగిన అట్టి పిల్లలు ఎట్లున్నారో ఆయన చూపలేదు. వయసుతో వచ్చే మార్పు ఎంత, చికిత్సతో వచ్చినది ఎంత అన్న ప్రశ్నకు జవాబు లేదు.

మూడవది, కారణము, ఫలితము తారుమారు కావడం. పిలిచినా పలుకని, ఎత్తుకుంటే పెనుగులాడే, రాత్రులు నిద్రపోని బిడ్డతో మూడేండ్లు గడిపిన తల్లి అలసిపోతుంది. ఆమె ముఖంలో నవ్వు తగ్గుతుంది. ఆ ముఖాన్ని చూచిన వైద్యుడు, ఈ ముఖం వల్లనే బిడ్డ ఇట్లైనదని వ్రాశాడు. తడిసిన నేలను చూచి, నేల తడవడం వలన వాన కురిసినదన్నట్లు ఉన్నది ఈ వాదం.

నాలుగవది, అదే తల్లి పెంచిన ఇతర బిడ్డల సంగతిని తగినంతగా పట్టించుకొనకపోవడం. ఆటిజం గల బిడ్డ తోబుట్టువులలో ఎక్కువమందికి ఆ లక్షణం ఉండదు. ఈ అభ్యంతరాన్ని బెటిల్‌హైమ్ గ్రంథానికి మూడేండ్లు ముందే, 1964లో, బెర్నార్డ్ రిమ్లాండ్ తన ‘ఇన్‌ఫంటైల్ ఆటిజం’ గ్రంథంలో లేవదీశాడు. రిమ్లాండ్ మనస్తత్వ శాస్త్రజ్ఞుడు. ఆటిజం గల బిడ్డకు తండ్రి. ఆటిజానికి మూలం మెదడులో ఉన్నదని ఆయన వాదించాడు. ఆ గ్రంథానికి పీఠిక వ్రాసినవాడు కానరే కావడం గమనింపదగినది.

తరువాతి పరిశోధన రిమ్లాండ్ పక్షాన నిలిచినది. 1977లో సుసాన్ ఫోల్‌స్టీన్, మైకేల్ రట్టర్ అనేవారు బ్రిటన్‌లో 21 జతల కవలలను పరిశీలించారు. ఒకే అండం నుండి పుట్టిన 11 జతలలో 4 జతలలో ఇద్దరికీ ఆటిజం ఉన్నది. వేరు వేరు అండాల నుండి పుట్టిన 10 జతలలో ఒక్క జతలోను ఇద్దరికీ లేదు. తల్లి పెంపకమే కారణమైనచో ఈ రెండు వర్గాల మధ్య ఇంత తేడా ఉండనవసరం లేదు. ఆటిజంలో వంశపారంపర్య కారణాలు ప్రధానమని ఆ తరువాత జరిగిన పెద్ద అధ్యయనాలు కూడ తేల్చినవి. కానర్ కూడ 1969లో తల్లిదండ్రుల జాతీయ సంఘ సమావేశంలో ప్రసంగిస్తూ, తల్లిదండ్రులు నిర్దోషులని బహిరంగంగా ప్రకటించాడు.

ముట్టడి

క్లారా పార్క్ వైద్యురాలు కాదు. సాహిత్యం బోధించే ఉపాధ్యాయురాలు. మసాచుసెట్స్ రాష్ట్రంలోని విలియమ్స్‌టౌన్ నివాసి. భర్త అక్కడి కళాశాలలో భౌతిక శాస్త్రాచార్యుడు. 1958లో పుట్టిన నాలుగవ బిడ్డకు ఆటిజమని తేలినది. పుస్తకంలో ఆ బిడ్డకు ఎల్లీ అని పేరు పెట్టి, మొదటి ఎనిమిదేండ్ల కథను చెప్పినది.

ఈ గ్రంథంలో సిద్ధాంతం తక్కువ, పరిశీలన ఎక్కువ. బిడ్డ ఏ రోజున ఏ పని చేసినది, ఏ పిలుపుకు తిరిగి చూచినది, ఏ ఆటలో ఎంతవరకు కలిసినది అన్న వివరాలు ఓపికగా కూర్చబడినవి. బిడ్డ తానుగా కోట దిగి రాదు కనుక, పెద్దలే చుట్టూ చేరి, తొందరపడక, సందు దొరికిన చోట లోనికి పోవాలన్నది ఆమె పద్ధతి. ఆ బిడ్డ పెరిగి, చిత్రకారిణిగా పేరు పొంది, విలియమ్స్ కళాశాల తపాలా గదిలో చిరకాలం ఉద్యోగం చేసినది. ఆ తరువాతి కథను 2001లో వెలువడిన మరొక గ్రంథంలో తల్లి వ్రాసినది.

అయితే ‘ముట్టడి’లో పాఠకుడు ముఖ్యంగా గమనింపవలసిన ఘట్టాలు వేరే ఉన్నవి. వైద్యుల వద్దకు పోయిన తల్లిదండ్రులు ఒక చోట తెలిసినదేదీ చెప్పని చల్లని మౌనాన్ని ఎదుర్కొన్నారు. వారు పరీక్షకు వచ్చినది బిడ్డ కోసం. పరీక్షింపబడినది తామే అనిపించినది. ఆ తరువాత ఇంగ్లండులో ఉన్న కాలంలో, లండన్‌లోని హాంప్‌స్టెడ్ చికిత్సాలయంలో వేరొక అనుభవం కలిగినది. అక్కడివారు ఆమెను రోగిగాను, దోషిగాను చూడక, బిడ్డను బాగా ఎరిగిన సహచరిగా చూశారు. బిడ్డ స్థితి రెండు చోట్లా ఒకటే. తల్లి మోసే బరువు మాత్రం ఒకటి కాదు. ఒక చోట ఆ బరువు పెరిగినది, మరొక చోట తగ్గినది.

ఒత్తిడి, ఆసరా: శాస్త్రం చెప్పే లెక్క

పార్క్ తన అనుభవంతో చెప్పినదానిని తరువాతి శాస్త్రజ్ఞులు లెక్కలతో పరీక్షించారు. ఒత్తిడి అనేది మనసుకు మాత్రమే సంబంధించినది కాదని 1936లో హాన్స్ సేల్యే జంతువులపై జరిపిన ప్రయోగాలతో మొదలైన పరిశోధన చెబుతున్నది. ఆపద కలిగినప్పుడు మూత్రపిండాలపై ఉన్న అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్ అనే రసాన్ని విడుదల చేస్తాయి. ఆపద తీరగానే అది తగ్గాలి. ఆపద ఏండ్ల తరబడి తీరకపోతే ఏమవుతుంది? 2010లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయానికి చెందిన మార్షా సెల్ట్‌జర్ బృందం, ఆటిజం గల కుమారులు, కుమార్తెలు యుక్తవయసుకు వచ్చిన తల్లులను పరిశీలించినది. వారి శరీరంలో కార్టిసాల్ ఇతర తల్లులలో కంటె తక్కువగా ఉన్నది. తక్కువ అనగా సుఖమని అర్థం కాదు. మోగి మోగి గంట నాలుక అరిగిపోయినట్లు, దీర్ఘకాలపు ఒత్తిడి వలన శరీరపు హెచ్చరిక వ్యవస్థయే మందగించినదని పరిశోధకులు భావించారు.

ఆసరా అన్న మాటను కూడ శాస్త్రం విడదీసి చూచినది. 1981లో జేమ్స్ హౌస్ దానిని నాలుగు విధాలుగా విభజించాడు. ఆదరంతో వినడం ఒకటి. చేతి సాయం, ధన సాయం రెండవది. తెలియని సంగతి తెలియజెప్పడం మూడవది. చేస్తున్న పని సరిగానే ఉన్నదని తెలిపి ధైర్యం చెప్పడం నాలుగవది. 1985లో షెల్డన్ కోహెన్, థామస్ విల్స్ అనేవారు అంతవరకు జరిగిన పరిశోధనలను సమీక్షించి ఒక ముఖ్యమైన సంగతి చెప్పారు. చుట్టూ ఎందరున్నారన్నది ఒక లెక్క; అవసరమైనప్పుడు అవసరమైన సాయం దొరుకుతుందన్న నమ్మకం మరొక లెక్క. కష్టకాలంలో దెబ్బను మెత్తబరచేది ఈ రెండవదే.

ఈ పరిశోధనలను కూడ విమర్శ లేకుండ స్వీకరింపరాదు. వీటిలో చాలభాగం తల్లులు నింపిన ప్రశ్నపత్రాలపై ఆధారపడినవి. తండ్రులు, తాతమ్మల మాట తక్కువ. ఒకేసారి అడిగి వ్రాసుకొన్న జవాబులలో ఆసరా వలన ఒత్తిడి తగ్గినదో, ఒత్తిడి తక్కువ గలవారే నలుగురితో కలిసి ఆసరా సంపాదించుకొన్నారో తేలదు. ఇదీ బెటిల్‌హైమ్ చేసిన పొరపాటు వంటిదే. కాకుంటే ఈసారి శాస్త్రజ్ఞులు ఆ అనుమానాన్ని తామే చెప్పుకొంటున్నారు.

ఊరిలో ఏమి జరుగుతున్నది?

పల్లెలో జనమంతా ఒకరికొకరు తోడు కనుక అక్కడి తల్లికి పట్నపు ఒంటరితనం ఉండదని చాలమంది నమ్మకం. కోహెన్, విల్స్ చెప్పిన తేడాను పెట్టి ఈ నమ్మకాన్ని పరీక్షించాలి. గుంటూరు జిల్లాలోని కాకుమాను వంటి మండల కేంద్రాన్ని తీసుకొందాం. కొమ్మమూరు కాలువ ఆయకట్టు ప్రాంతం. వరి ప్రధానం. నాట్లకు, కోతలకు ఇంటిల్లిపాదీ పొలంలో ఉంటారు. అక్కడ మూడేండ్ల బిడ్డకు మాట రాలేదనుకొందాం.

మాట సాయానికి లోటుండదు. మగపిల్లలకు మాటలు ఆలస్యమేనని ఒకరంటారు. మేనమామకు కూడ అయిదేండ్లకు గాని మాట రాలేదని మరొకరు గుర్తు చేస్తారు. వసకొమ్ము అరగదీసి నాకించలేదా అని ఒక అవ్వ అడుగుతుంది. తాయెత్తు కట్టించమని ఒకరు, మొక్కుకొమ్మని ఒకరు చెబుతారు. అందరిదీ మంచి మనసే. కాని హౌస్ చెప్పిన నాలుగింటిలో ఇదంతా మూడవదాని కిందికే వస్తుంది. అందులోను చాలభాగం తప్పు సమాచారం. దాని వలన జరిగే నష్టం కాలహరణం. చిన్న వయసులో మొదలు కావలసిన శిక్షణ ఏండ్లు వెనుకబడుతుంది.

ఇక వినరాని మాట ఒకటి వెనుకనుండి వస్తుంది. ఫోను చేతికిచ్చి వదిలేసినది గనుకనే బిడ్డ ఇట్లైనదని, తల్లి కూలికో ఉద్యోగానికో పోయి పట్టించుకోలేదని అంటారు. చదువుకొన్నవారే ఈ మాట ఎక్కువగా అంటారు. అమెరికాలో 1967లో అచ్చయిన నింద ఇదే. పుస్తకం మాత్రం వీరెవరూ చదువలేదు. చిన్న పిల్లలకు గంటల తరబడి ఫోను చూపడం మంచిది కాదన్నది నిజమే. అది మానిపించవలసినదే. కాని ఫోను వలన ఆటిజం పుడుతుందని రుజువు కాలేదు. మనుషులతో ఆడుకొనడం కష్టమైన బిడ్డ తెర వంకకే ఎక్కువగా పోవచ్చును. ఆ బిడ్డను ఊరడించే మరొక దారి తోచక తల్లి ఫోను ఇచ్చి ఉండవచ్చును. కారణ ఫలాలు ఇక్కడ కూడ తారుమారు కావడానికి అవకాశమున్నది.

చేతి సాయం మాటకు వస్తే లెక్క తలకిందులవుతుంది. ఆటిజం గల పిల్లలలో కొందరు చెప్పకుండ ఇల్లు విడిచి పోతారు. కొందరికి నీరంటే ఆకర్షణ. ఇట్లు తప్పిపోయిన పిల్లలకు నీటి గండం అధికమని అనేక దేశాల అనుభవం. కాలువ పారే ఊరిలో అట్టి బిడ్డ తల్లికి పగటిపూట కునుకు తీయడం కూడ సాధ్యం కాదు. గుంటూరులోని వైద్యుని వద్దకు పోవాలంటే ఒక రోజు కూలి పోతుంది. బస్సులో బిడ్డ అరచినచో నలుగురి చూపులు భరించాలి. బంధువుల పెండ్లికి పిలుపు వస్తుంది గాని, బిడ్డను తీసుకొని రమ్మన్న మాట గట్టిగా రాదు. ఒక గంటసేపు బిడ్డను తాను చూచుకొంటాను, నీవు పడుకొమ్మని చెప్పే మనిషి ఎందరికున్నారు? ఊరినిండా జనముండగా ఆసరా లేకపోవడమంటే ఇదే.

కొలబద్దలో లేనిది

ఈ విషయంలో తెలుగునాడులోని ఒక సంస్థ చేసిన పని పేర్కొనదగినది. సికిందరాబాదులో 1984లో జాతీయ మానసిక వికలాంగుల సంస్థ నెలకొన్నది. నేడు దాని పేరు జాతీయ మేధోపర దివ్యాంగుల సాధికారత సంస్థ. ఆటిజాన్ని కొలచే భారతీయ మాపకాన్ని ఆ సంస్థయే రూపొందించినది. అందులో 40 అంశాలు ఉన్నవి. 70 మార్కులకు తక్కువైతే ఆటిజం లేదని, 153 మించితే తీవ్రమని నిర్ణయిస్తారు. ఈ మాపకం లేనిదే ధ్రువపత్రం లేదు. ధ్రువపత్రం లేనిదే సహాయం లేదు. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఆటిజం పేరే లేదు. 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టంలో అది చేరినది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం దానిని 21 రకాల వైకల్యాలలో ఒకటిగా గుర్తించినది.

ఇది మంచి ప్రగతి. లోటు ఎక్కడనగా, ధ్రువపత్రం బిడ్డను మాత్రమే కొలుస్తుంది. ఒకే మార్కులు వచ్చిన ఇద్దరు పిల్లలలో ఒకరి ఇంట నాయనమ్మ, మేనత్త, అర్థం చేసికొన్న పొరుగువారు ఉండవచ్చును. మరొకరి ఇంట తల్లి ఒక్కతే ఉండవచ్చును. రెండు కుటుంబాల అవసరాలు ఒకటి కావు. కుటుంబ అవసరాలను గూర్చిన ప్రశ్నావళులు కూడ సికిందరాబాదు సంస్థలో తయారైనవే. వాటి జవాబులను బట్టి సహాయాన్ని నిర్ణయించే ఏర్పాటు ధ్రువపత్రంలో లేదు.

రెండు గ్రంథాలకూ ఉన్న లోపం

‘ముట్టడి’ పక్షాన తీర్పు చెప్పినంతలో ఆ గ్రంథానికి లోపాలు లేవని కాదు. పార్క్ కుటుంబానికి చదువున్నది, ఇల్లున్నది, స్థిరమైన జీతమున్నది. తల్లి దినమంతా బిడ్డకే కేటాయించగలిగినది. తక్కిన ముగ్గురు పిల్లలు సహకరించారు. ఈ సదుపాయాలను లెక్కింపక చదివిన పాఠకుడు, పట్టుదల గల తల్లి అయితే చాలునని అపార్థం చేసికొనవచ్చును. అప్పుడు మెచ్చుకోలు కూడ నిందగా మారుతుంది. ఆమె చేయగలిగినది నీవెందుకు చేయలేవన్న ప్రశ్న కూలి చేసుకొనే తల్లిపై పడుతుంది.

ఉపమానంలో మరొక చిక్కున్నది. కోట అన్నా, ముట్టడి అన్నా లోపల మరొక బిడ్డ దాగి ఉన్నాడన్న ఊహ అందులో ఉన్నది. ఆటిజం గల అమెరికన్ రచయిత జిమ్ సింక్లెయిర్ 1993లో తల్లిదండ్రులనుద్దేశించి ఈ ఊహను ఖండించాడు. గోడ వెనుక వేరే బిడ్డ ఎవరూ లేడని, ఉన్న బిడ్డను ఉన్నట్లుగా ఎరుగుమని ఆయన వాదన. ఈ వాదన తల్లికి కూడ మేలు చేస్తుంది. రాని బిడ్డ కొరకు ఎదురుచూచే శ్రమ తగ్గి, ఉన్న బిడ్డకు కావలసినది నేర్పే పని మిగులుతుంది. మొత్తంమీద రెండు గ్రంథాలూ కోటను చూచినవి, కోట బయట ఉన్న తల్లిని చూచినవి. ఆమె వెనుక ఉండవలసిన ఊరిని మాత్రం రెండూ తక్కువగానే చూచినవి.

పాఠశాల చేయగలది

ఊరి మనుషులు సాయపడగలరా అన్నదానికి కొంత పరీక్ష జరిగినది. గోవాలోను, పాకిస్తాన్‌లోని రావల్పిండిలోను 65 మంది పిల్లల కుటుంబాలపై జరిపిన ప్రయోగ ఫలితాలు 2016లో ప్రకటింపబడినవి. వైద్యులు కాని సాధారణ ఆరోగ్య కార్యకర్తలు శిక్షణ పొంది, తల్లిదండ్రులకు బిడ్డతో మెలిగే పద్ధతిని 12 దఫాలుగా నేర్పారు. బిడ్డ ధోరణికి అనువుగా స్పందించడం తల్లిదండ్రులలో పెరిగినది; బిడ్డ తానుగా పలకరించడం పెరిగినది. ఇద్దరి దృష్టి ఒకే వస్తువుపై నిలిచే కాలం మాత్రం పెరగలేదు సరికదా తగ్గినది. ఫలితం మిశ్రమమే. అయినను నిపుణులు లేనిచోట ఏమీ చేయలేమన్న మాట సరికాదని ఈ ప్రయోగం చూపినది.

కాకుమాను వంటి చోట్ల ఈ పనికి మనుషులు లేకపోలేదు. అంగన్‌వాడీ కార్యకర్త, ఆశా కార్యకర్త ఉన్నారు. పిల్లల ఆరోగ్య పరీక్షల కొరకు 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ఉన్నది. మండల స్థాయిలో ప్రత్యేక అవసరాలు గల పిల్లల కొరకు భవిత కేంద్రాల ఏర్పాటు ఉన్నది. నిర్ణీత స్థాయి వైకల్యమున్నట్లు ధ్రువపత్రం పొందిన 6 నుండి 18 ఏండ్ల పిల్లలకు సమీప పాఠశాలలో ఉచితంగా చదివే హక్కును 2016 నాటి చట్టం ఇచ్చినది. ఈ సంగతులను ఆ కుటుంబానికి తెలియజెప్పడం ఉపాధ్యాయుడు చేయగల మొదటి సాయం. ఇది మూడవ రకపు ఆసరాయే. అయితే సరియైన సమాచారంతో కూడినది.

రెండవది, తరగతిలోనే ఉన్న తోబుట్టువును గమనించడం. ఇంట తమ్మునికి ఆటిజమున్న తొమ్మిదవ తరగతి బాలిక ఆలస్యంగా వచ్చినా, ఇంటిపని చేయకపోయినా, కారణం అశ్రద్ధ కాకపోవచ్చును. ఆమె కూడ ఆ తల్లికి ఉన్న కొద్దిమంది తోడులో ఒకతె. ఆమెను నలుగురిలో కారణమడుగరాదు. గడువు కొంచెం పెంచితే సరిపోతుంది.

మూడవది, విద్యార్థులు చేయగలిగినది. ఆ ఇంటి బిడ్డ వీధిలో ఒంటరిగా కాలువ వైపు పోతున్నట్లు కనిపిస్తే నవ్వి ఊరుకొనక, చేయి పట్టి లాగక, వెంట నడిచి, ఇంటివారికి కబురు చేయవచ్చును. ఇది ఏ సిద్ధాంతమూ తెలియనివారు కూడ చేయగల పని.

చివరకు ఒక మాట మానివేయడం అన్నిటికంటె తేలిక. బిడ్డ ఇట్లెందుకైనదని తల్లిని అడుగరాదు. ఆ ప్రశ్నకు ఆమె వద్ద జవాబు లేదు. జవాబు ఆమె పెంపకంలో లేదని శాస్త్రం అర్ధ శతాబ్దానికి ముందే తేల్చినది. దానికి బదులుగా, ఈ ఆదివారం ఒక గంట బిడ్డను ఎవరు చూచుకొంటారని ఆ వీధివారు తమలో తాము అడుగుకొనవచ్చును.